డేరీ కోతి

దయ్యాల కథలంటే నాకు మొదట్నుంచీ చిరాకు. చిన్నప్పుడు భిలాయిలో, మా ఖుర్సీపార్ పేటలో కరెంటు పోతే చాలు, వీధిలో ఎవరో ఒకరు మొదలెట్టేవారు. నేను లేచి ఇంట్లోకి పోయేవాణ్ణి. తర్వాత స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో చేరాను. ఇరవయ్యెనిమిదేళ్ళుగా అదే పని. ఫాల్టు వచ్చిందంటే దానికో కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఈ ఒక్క ఫాల్టు మాత్రం నాకు దొరకలేదు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, బొబ్బిలి వైపు నుంచి భిలాయి వచ్చినవాడు. రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా డ్యూటీకి సైకిల్ మీదే వెళ్ళాడు. స్కూటర్ కొనుక్కోమంటే నవ్వేవాడు. అందుకే రిటైరైన రోజున నేను ఆయనకి లావు టైర్ల గ్రావెల్ సైకిల్ ఒకటి కొనిచ్చాను. నాకు అప్పటికే ఆ పిచ్చి ఉంది. తారు రోడ్డు వదిలేసి, కొండల్లో మొరం దారులు పట్టుకుని తిరగడం.

"ఈ వయసులో కొండలేటిరా మీకు?" అని అక్క గొడవ పెట్టింది. "నాది పూచీ అక్కా, నేనుంటాను కదా" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

దల్లీ రాజహరా వైపు ఇనుప ఖనిజం కొండలున్నాయి. వాటి వెనక అడవి, ఊళ్ళ మధ్య ఎర్ర మొరం దారులు. రాత్రి పూట మ్యాపులో చూసి నేను దారి గీసేవాణ్ణి, హ్యాండిల్ మీది చిన్న పరికరంలోకి ఎక్కించేవాణ్ణి. ఆదివారం పొద్దున్నే కారు మీద సైకిళ్ళు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. బావకి పరికరం లేదు. ఆయనకి కళ్ళజోడు లేకుండా అందులో ఏదీ కనపడదు, కళ్ళజోడు పెట్టుకుంటే చెమటకి మసకేస్తుంది. అందుకని మాకో పద్ధతి ఉండేది. ఎత్తులో నేను ముందు వెళ్ళిపోతాను. దారి చీలిన చోట రాయి మీద సుద్దముక్కతో బాణం గుర్తు వేస్తాను. ఆయన అది చూసుకుని నిదానంగా వస్తాడు. సుద్దముక్క మిల్లు నుంచి వచ్చిన అలవాటు, ఆయన జేబులో ఎప్పుడూ ఒకటి ఉండేది. నాకూ ఒకటి ఇచ్చాడు.

ఆ ఆదివారం వానలు తగ్గిన కొత్త. కొండ కింద ఊళ్ళో పాలు పోయించుకునే డెయిరీ గది దగ్గర కారు ఆపి, టీ తాగి బయల్దేరాం. బావ ఎప్పట్లాగే తన ఫోను స్విచ్చాఫ్ చేసి నా హ్యాండిల్ సంచీలో పెట్టాడు. ఒకసారి పడి అద్దం పగలగొట్టుకున్నాక అదే అలవాటు. "నువ్వెల్లిపోరా, నానొస్తాను" అన్నాడు. ఆయన నాతో మామూలుగా మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఆరు కిలోమీటర్ల ఎత్తు. పైన దారి రెండుగా చీలింది. నా పరికరం కుడికి చూపించింది. నేను కుడికి తిరిగాను. బాణం వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదంటే చెప్పడానికి ఏమీ లేదు. ఎత్తు ఎక్కిన ఊపులో ఉన్నాను, ఆగాలనిపించలేదు, అంతే. మర్చిపోయానని అక్కతో అన్నాను. మర్చిపోలేదు, బద్ధకించాను.

కొండ కొమ్ము మీద ఒక బండ దగ్గర ఆగి చూస్తూ కూచున్నాను. ఇరవై నిమిషాలైనా బావ రాలేదు. అక్కడ సిగ్నల్ ఒక గీత ఉంటుంది, పోతుంది. పది దాటి పన్నెండు నిమిషాలకి నా ఫోను మోగింది. బావ పేరు కనపడింది.

గొంతు బావదే, అందులో నాకు సందేహం లేదు. ఆయాసం లేదు, మూలుగు లేదు. ఎవరో పక్కన కూచుని నిదానంగా చెప్పిస్తుంటే చెప్పినట్టు అన్నాడు.

"డేరీ కోతి... డేరీ కోతి..."

మూడోసారి కూడా అని ఆగిపోయాడు. "ఏటి బావా? ఏటైంది?" అని అరిచాను. కట్టయింది. తిరిగి చేస్తే కలవలేదు.

ఆయన ఫోను నా మోకాలికి జానెడు దూరంలో, నా సంచీలోనే ఉంది. అది ఆ క్షణంలో నాకు తట్టలేదు. మీరు నమ్మకపోయినా సరే, తట్టలేదు.

నాకు అర్థమైంది ఇది. డెయిరీ దగ్గర కోతి. ఎత్తు ఎక్కలేక వెనక్కి పోయాడు, డెయిరీ దగ్గర కోతి మీద పడింది, పడిపోయాడో కరిపించుకున్నాడో. బుర్రలో ఇంకేమీ లేదు. ఒక్క ఊపున కిందికి దిగాను. దారి చీలిన చోటు దాటుకుంటూనే వెళ్ళాను. ఎడమ దారి వైపు తల కూడా తిప్పలేదు.

డెయిరీకి తాళం వేసి ఉంది. కోతి లేదు, బావ లేడు. ఎదురు కొట్టు అతన్ని అడిగితే ఎవరూ రాలేదన్నాడు. దారిలో ఎక్కడో కూచుని ఉంటాడు, వచ్చేస్తాడు అనుకుని అక్కడే నిలబడ్డాను. గంట పైన నిలబడ్డాను. అక్కకి ఫోను చేద్దామని నంబరు తీసి, భయపెట్టడం ఎందుకని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

చివరికి మళ్ళీ పైకి ఎక్కాను. ఈసారి చీలిక దగ్గర ఆగి చూశాను. ఎడమ దారి బురదలో లావు టైరు గుర్తు తిన్నగా పడి ఉంది. నాలుగొందల మీటర్లు పోతే కల్వర్టు వానకి కొట్టుకుపోయింది. దాని కింద సైకిలు, సైకిలు కింద బావ.

ఊపిరి ఉంది, స్పృహ లేదు. మేకలు కాసుకునే ఒకతను నా కేకలు విని వచ్చాడు. ఊళ్ళోవాళ్ళని పిలిచి నులక మంచం మీద మోయించాడు. దుర్గ్‌లో ఆసుపత్రికి చేర్చేసరికి మధ్యాహ్నం మూడు. చీకటి పడకముందే పోయాడు. గంటా రెండు గంటలు ముందు తెచ్చుంటే ఆశ ఉండేదని డాక్టరు మెల్లగా అన్నాడు. ఆయన తప్పు లేదు, నేనే అడిగాను.

ఆసుపత్రి వరండాలో అక్క, "బొబ్బిలికి సెప్పాలిరా, మీ బావ ఫోనియ్యి" అంది. సంచీ జిప్పు తీశాను. ఫోను ఉంది. స్విచ్చాఫ్‌లో ఉంది.

నా ఫోను తీసి చూశాను. పది పన్నెండుకి బావ నంబరు నుంచి వచ్చిన కాల్, నలభై ఒక్క సెకన్లు. ఆయన ఫోను ఆన్ చేసి చూశాను. ముందు రోజు సాయంత్రం తర్వాత నాకు చేసిన కాల్ ఒక్కటీ లేదు. తర్వాత మా మేనకోడలు కూడా రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసింది. "మావయ్యా, నెట్‌వర్క్ మే కుఛ్ భీ హో సక్తా హై" అంది. నెట్‌వర్కులో ఏదైనా జరగొచ్చట. సరే, గొంతు మాటేమిటి? అది అడిగితే ఏడ్చింది. నేను మళ్ళీ అడగలేదు.

పదో రోజు అయ్యాక ఒక్కణ్ణే అక్కడికి వెళ్ళాను. మేకలతను కనిపించాడు. దండం పెట్టి, ఇక్కడ పైన ఏదైనా డెయిరీ ఉందా, కోతుల గుంపు తిరుగుతుందా అని హిందీలో అడిగాను. లేదన్నాడు. ఫోనులో విన్న మాట విన్నట్టే చెప్పాను. అతను వింతగా చూశాడు.

"డేరీ మానే ఉల్టా హాథ్, భయ్యా" అని ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. కోతి అంటే వైపు. ఇక్కడివాళ్ళ ఛత్తీస్‌గఢీ భాషలో డేరీ కోతి అంటే ఎడమ వైపు.

నేను పుట్టింది ఈ నేల మీద. నాకు యాభయ్యొక్క ఏళ్ళు. ఇంట్లో తెలుగు, బయట హిందీ, ప్లాంట్‌లో ఇంగ్లీషు ముక్కలు. ఈ ఊరివాళ్ళ మాట నేర్చుకోవాలని ఏనాడూ అనిపించలేదు. బావకైతే హిందీయే సరిగా రాదు. ఆయన నోట ఆ మాట ఎలా వచ్చింది? ఎవరు చెప్పించారు? ఎవరైనా సరే, దారి సరిగ్గానే చెప్పారు. నేను దాన్ని తెలుగులో విన్నాను.

అర్థం తెలియక ముందే, ఆసుపత్రిలోనే, అక్క అడిగింది. "మీ బావ ఆకర్ని ఏటన్నారురా?" డెయిరీ అన్నాడని చెప్పాను. కోతి సంగతి చెప్పలేదు. అక్క కాసేపు ఆలోచించి, "పాలడిగుంటారు, దాహమేసుంటాది" అంది.

అప్పట్నుంచీ ప్రతి నెలా ఆయన తిథికి ఫోటో ముందు గ్లాసుడు పాలు పెడుతోంది. బావకి షుగరు, అందుకని మొదటి నెల ఉత్త పాలే పెట్టింది. పెట్టాక, "ఇంకేటి సుగరు ఆయనకి" అని మళ్ళీ గ్లాసు తీసి రెండు చెంచాల పంచదార కలిపింది.

మొన్న కూడా వెళ్ళాను. గ్లాసు పెట్టి నా వైపు తిరిగింది. "పాలే కదరా అడిగారు?"

ఆ ఫోను ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసిందల్లా ఆ మాటకి అర్థం ఒక్కటే.

"పాలే అక్కా" అన్నాను.