మా బావ పట్టుకెళ్లిన ఎండ

మా పెరట్లో ఎండని మా బావ పట్టుకెళ్లిపోయాడు.

ఇది పోలిక కోసం రాసిన మాట కాదు, జరిగిందే రాస్తున్నాను. విజయనగరంలో మాది పాత పెంకుటిల్లు. దక్షిణం గోడ అవతల మా బావ, అంటే మా చెల్లెలి మొగుడు ఉంటాడు. అతనిది కూడా మొన్నమొన్నటిదాకా పెంకుటిల్లే. దాన్ని పడగొట్టి మూడంతస్తులు లేపాడు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. అంచేత వంగ మొక్కలు కాపుకి రావలసిన రోజుల్లో మా పెరట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడేది అతని మేడ నీడే. అతనికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఆ పక్కన దక్షిణాన తుప్పలు మొలిచిన ఖాళీ సైటు ఉంది.

మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్లి అడిగాను. గోడకీ గోడకీ మధ్య ఎంత ఖాళీ వదలాలో చెప్పారు. బావ అంత ఖాళీ వదిలాడు. ఎండ సంగతి ఏ సీటు చూస్తుందని అడిగితే, అలాంటి సీటు లేదన్నారు. ఇంటిపన్ను కట్టించుకోవడానికి మాత్రం సీటు ఉంది.

బావనే అడిగాను, గోడ మీంచి.

"బావా, మా ఎండ మాటేటి?"

"ఎండేటి బావా, ఇక్కడ సెమట కారిపోతంటేని! నీడొచ్చిందని సంతోషించు."

ఆ తర్వాత ఎక్కడ కనిపించినా అదే ప్రశ్న వేశాను. చుట్టాల పెళ్లిలో పక్కపక్కనే భోజనానికి కూర్చున్నప్పుడూ వేశాను. "పప్పు బాగున్నాది బావా, మళ్లీ ఎయ్యించుకో," అన్నాడు. నేను అడిగింది పప్పు గురించి కాదు.

ఎండ నాకు ఒళ్లు కాచుకోవడానికి అక్కర్లేదు. వంకాయకి కావాలి. మా అమ్మ ఏటేటా వేసిన వంగ రకం ఒకటుంది. తెల్లచారల కాయ, తొడిమ నిండా ముళ్లు. కాల్చి పచ్చడి చేస్తే దాని రుచి ఇంకే కాయకీ రాదు. విత్తనాల కొట్లో దానికి పేరు లేదు. మా ఇంట్లో అమ్మ వంకాయ అనే అంటాం. ఏటా ఒక కాయని చెట్టునే పండనిచ్చి, గింజలు బూడిదలో కలిపి ఆరబెట్టి దాచుకోవడం మా అలవాటు. మేడ లేచాక వేసిన మొక్కలు వెలుతురు కోసం సాగి సాగి పూయకుండానే పోయాయి. మిగిలింది చిటికెడు గింజలు. అవీ పాతబడ్డాయి. ఇంకొక్కసారి కాయ రాకపోతే ఆ వంకాయ భూమ్మీద లేనట్టే. మాకు తెలిసినంతలో ఇంకెవరి దగ్గరా లేదు.

చెల్లి ఒక ఉపాయం చెప్పింది. "మా డాబా మీద ఎండే ఎండ అన్నియ్యా. కుండీలు తెచ్చి ఎట్టుకో. నీళ్లు నేను పోస్తాను." మా ఎండని వాళ్ల డాబా మీద పెట్టుకుని, అందులో కాస్త మమ్మల్ని వాడుకోమంటున్నారు. వద్దన్నాను.

నేను చదివింది ఐదో తరగతి. తర్వాత చదువంతా సాలూరులో లారీల కింద పడుకుని, వైర్లు విప్పి కట్టి నేర్చుకున్నదే. క్యాబిన్లో దేవుడి పటం చుట్టూ పరిగెత్తే రంగురంగుల ఎల్ఈడీ లైట్లు ఎన్ని లారీలకి కట్టానో లెక్కలేదు. దేవుడికి కట్టినవాణ్ని వంకాయకి కట్టలేనా? మొక్క వెలుతురులో ఎరుపునీ నీలాన్నీ ఎక్కువ తింటుందని ఫోన్లో చదివి, ఎలక్ట్రికల్ కొట్టుకి వెళ్లాను.

"ఎరుపూ నీలం చుక్క బల్బులు కావాలి."

"పెళ్లెక్కడ మావా?" అన్నాడు కొట్టువాడు.

"వంకాయలకి."

వాడు లోపలికి తిరిగి కేకేశాడు. "ఒరే, ఈ మావ వంకాయలకి పెళ్లి సేస్తన్నాడ్రా!"

బల్బులు తీసుకుని వచ్చేశాను.

ఆ బల్బుల వీపున పుట్టే వేడి దిగిపోవడానికి అల్యూమినియం రేకు ఉండాలి. మా ఇంట్లో అమ్మ నాటి సత్తు పళ్లేలు ఉన్నాయి. సత్తు అన్నా అల్యూమినియం అన్నా ఒకటే. ఒక పళ్లెం బోర్లించి, చెక్కపనికి వాడే జిగురుతో బల్బులు అతికించాను. ఆ జిగురు వేడిని పళ్లేనికి దిగనివ్వలేదు. బల్బులు ఒకదాని వెనక ఒకటి పోయాయి. రెండోసారి, వేడి దిగడానికే అమ్మే తెల్ల పూత పూసి స్క్రూలు బిగించాను. పళ్లెం వేడెక్కింది, బల్బులు బతికాయి.

"ఆ పల్లెంలో నేను అన్నం తిన్నాను," అంది మా ఆవిడ.

"ఇప్పుడు వంకాయ తింటాది," అన్నాను.

మధ్యగదిలో మిగిలిన గింజలు చల్లిన కుండీల మీద పళ్లేన్ని ఎత్తుగా వేలాడదీస్తే నారు మెడలు సాచింది. బాగా దించితే ఆకుల అంచులు ముడుచుకున్నాయి. చివరికి లారీ లోడు మీద తాడుకి వేసే జారుముడి వేసి, మొక్క ఎదిగేకొద్దీ పళ్లేన్ని పైకి లాగుతూ వచ్చాను.

కిటికీలోంచి ఊదారంగు వెలుతురు వీధిలో పడేది. పాలు పోసే ఆమె ఆగి చూసి, "ఇంత పెద్ద దోమల లైటేటి బాబూ!" అంది. మా ఆవిడకి ఆ సందేహమే లేదు. తెల్లవారుజామున స్విచ్చి వేయగానే పళ్లేనికి దండం పెట్టేది. అది దీపం కాదని చెప్పాను. "ఎలిగింది కదా," అంది. ఆర్పెయ్యమనే మాట ఆవిడ నోట రాదు. పడుకునే ముందు "దీపం కొండెక్కించీండి" అంటుంది. అలా మా అమ్మ సత్తు పళ్లెం రోజూ కొండెక్కేది.

పూత వచ్చింది. వచ్చింది వచ్చినట్టే రాలింది. గదిలో గాలి లేదు, తుమ్మెదా లేదు. పువ్వుని కదిపితేనే పుప్పొడి రాలుతుందని మళ్లీ ఫోన్లోనే చదివాను. నా వేళ్లు మొరటువి. అందుకని మా ఆవిడ ఒక్కో పువ్వు తొడిమ మీదా గోటితో సుతారంగా కొట్టేది. "పువ్వుల్ని కూడా కొట్టి పెంచాలేటి? కన్న గుంటల్నే కొట్టనేదు నేను," అని సణుగుతూ కొట్టేది.

మొదటి కాయ నిలిచింది. దాని వెనక ఒక్కటే పిందె, అది ఉంటుందో రాలుతుందో తెలియదు. కాయని చెట్టునే పండించి విత్తనానికి ఉంచుదామన్నాను.

"తొలికాయ ఆడపడుసుకి," అంది మా ఆవిడ. "మీ అమ్మ ఎట్టిన పద్ధతే కదండీ. ఇత్తనానికి రెండోది ఉంచండి."

"రెండోది రాలిపోతే?"

"తొలిది ఆ పిల్ల నోట్లో పడకపోతే అన్నీ రాల్తాయి."

"ఆ పిల్లున్నది మన ఎండ పట్టుకెళ్లిన ఇంట్లో."

"ఆ పిల్ల పట్టుకెళ్లనేదు కదా."

కాయ కోశాను. మా ఆవిడ దానికి బొట్టు పెట్టి గోడ అవతలికి తీసుకెళ్లింది. కాసేపటికి కాల్చిన వంకాయ వాసన మా పెరట్లోకి వచ్చింది. ఎండ రాకపోయినా వాసన వస్తుంది, దానికి మూడంతస్తులు అడ్డం కాదు. ఆ వెనకే చెల్లి గొంతు వినిపించింది. "వదినా, ఇది అమ్మ పచ్చడే!"

రెండో పిందె రాలలేదు. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పెద్దదై పసుపు రంగుకి తిరుగుతుండగా ఒక సాయంత్రం బావ వచ్చాడు. మేడ కట్టాక మా గుమ్మం తొక్కడం అదే మొదలు. తిన్నగా మధ్యగదిలోకి వెళ్లి, పళ్లెం కింద తల వంచి చూశాడు. మొహం ఊదాగా ఉంది. ఈ మధ్య అతని మేడ అవతల రోజంతా ఏదో యంత్రం చప్పుడు వినబడుతోంది.

ఎప్పటిలాగే అడిగాను. "బావా, మా ఎండ మాటేటి?"

ఈసారి పప్పు గురించి మాట్లాడలేదు. పళ్లేన్ని వేలితో తట్టి చూసి జవాబు చెప్పాడు.

"మా దచ్చినం పక్క సైటు అమ్మేసినారు బావా. ఐదంతస్తులంట, పునాదులు తీస్తన్నారు. మీ సెల్లేమో ఆ కాయ గింజలు అడగమన్నాది. మీ ఇంట్లో సత్తు పల్లేలు ఇంకా ఉన్నాయేటి?"