అత్తగారి తీగ, కోడలి పొగ

వైన్ షెడ్డులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ పొగమ్మే. జీతమిచ్చే యజమానురాలు కూడా "పొగమ్మా, ఇలా రా" అంటుంది తప్ప ఏనాడూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. అలాగని ఆవిడేదో చిరాకు మనిషి, మాటకు ముందు పొగలు కక్కుతుంది అనుకునేరు! అదేం కాదు. ఆవిడ చేసే పని అలాంటిది.

కోతల రోజుల్లో ద్రాక్షపళ్ళు బుట్టలకు బుట్టలు వచ్చి పడతాయి. వాటిని నలగ్గొట్టి పెద్ద తొట్టిలో పోస్తారు. అవి వేడిగా ఉన్నాయా, కొంప మునిగినట్టే. పులిసిపోవాలని ఒకటే తొందర వాటికి. రంగూ వాసనా తొక్కల్లోనే ఉండిపోతాయి, చివరికి చేతికొచ్చేది వైనూ కాదు, పళ్ళరసమూ కాదు. అందుకని కొన్ని పళ్ళు, వాటి మీద కాస్త డ్రై ఐసు, మళ్ళీ పళ్ళు, మళ్ళీ ఐసు. బఠాణీల్లా ఉండే ఆ తెల్లటి గింజలు కరిగి నీళ్ళవవు, పొగై లేచిపోతాయి. పళ్ళు చల్లబడతాయి, ఒక్క చుక్క నీరు కలవదు. మందపాటి గ్లౌజులు తొడుక్కుని, నిచ్చెనెక్కి, చిన్న పారతో ఆ గింజలు చల్లే మనిషే మన పొగమ్మ.

పని చూడ్డానికి సరదాగా ఉంటుంది గానీ, ఆ పొగతో పాటు వచ్చే గాలి మంచిది కాదు. బరువుగా తొట్టి అంచు దాకా నిండి కూర్చుంటుంది. ఆదమరిచి లోపలికి వంగితే ఊపిరాడక అందులోనే పడాలి. అందుకే తలుపులన్నీ బార్లా తెరిచి పెడతారు. పైగా ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఐసు చల్లే మనిషి పొగలో కనపడదు కాబట్టి కింద ఉన్నవాళ్ళు ఉండుండి "ఉన్నావా?" అని కేకెయ్యాలి. పైనుంచి "ఉన్నా!" అని జవాబు రావాలి. రాలేదంటే చేతిలో పని అక్కడే పారేసి పరుగెత్తాలి.

ఈ కేకలు ఆవిడకి ఎంత అలవాటైపోయాయంటే, ఇంట్లో కూడా అదే వరస. మొగుడు స్నానాలగదిలో కాస్త ఆలస్యం చేస్తే చాలు, వంటింట్లోంచి "ఉన్నారా?" అని కేక. దర్జీ పని చేసుకునే ఆ మెత్తటి మనిషి నోట్లో సబ్బునురగతోనే "ఉన్నానే తల్లీ" అనేవాడు. అత్తగారు మాత్రం ఒక్కనాడూ తిన్నగా జవాబు చెప్పేది కాదు.

"ఎక్కడికి పోతానే? నీ చేతి కాఫీ తాగి కూడా బతికే ఉన్నాగా!" అనేది.

అదీ అత్తగారి సంగతి. కోడలు ఏం చేసినా ఒక వంక పెట్టందే ఆవిడకి తిన్నది అరగదు. కూరలో ఉప్పు సరిపోతే కారం తక్కువైంది అంటుంది, రెండూ సరిపోతే గిన్నె చిన్నదైంది అంటుంది. ఆవిడ నోటెంట ఒక్కసారి "బాగుంది" అనే మాట వింటే చాలనుకుని, వినకుండానే పొగమ్మ జుట్టు నెరవడం మొదలైంది.

పెరట్లో ఒక ద్రాక్షతీగ ఉంది. అత్తగారు ఈ ఇంటికి కాపురానికొచ్చిన కొత్తలో నాటుకున్నది. గోడెక్కి, పందిరెక్కి, పాత సామాన్ల షెడ్డు కప్పు కూడా ఎక్కి కూర్చుంది. పళ్ళు విరగకాస్తాయి గానీ నోట్లో పెట్టుకుంటే పుల్లగా, తొక్క మందంగా, గింజలే ఎక్కువగా ఉంటాయి. వీధిలో వాళ్ళు దాన్ని పిచ్చుకల హోటలు అని ఎగతాళి చేసేవాళ్ళు. అత్తగారు పైకి నవ్వేసేది, లోపల మాత్రం చివుక్కుమనేది.

ఈ ఏడు దర్జీగారికి ఒక ఆలోచన వచ్చింది. మిషన్లు పెట్టుకోవడానికి ముందుగది చాలట్లేదు. పెరట్లో తీగ కొట్టేస్తే ఒక గది లేస్తుంది. టేపు పట్టుకెళ్ళి చొక్కాకి కొలతలు తీసినట్టు పందిరి కొలిచి కూడా వచ్చాడు. అత్తగారు ఆ రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని వేళ్ళతో కెలికి లేచిపోయింది. అది చూసి పొగమ్మ మొగుడి దగ్గరకెళ్ళింది.

"ఏమండీ, ఒక్క కాపు ఆగండి. అవి తినే పళ్ళు కాదు, వైన్‌కి పనికొచ్చే పళ్ళు. నేను చేసి చూపిస్తా. వైన్ బాగుంటే తీగ ఉంటుంది. లేదంటే మీ ఇష్టం" అంది.

"బాగుందో లేదో ఎవరు చెప్పాలి?" అన్నాడు దర్జీ.

"మా యజమానురాలు చెప్తుంది. ఆవిడ నాలుకకి మొహమాటం లేదు."

"దీనికి అన్నం వార్చడమే సరిగ్గా రాదు, వైన్ చేస్తుందట!" అంది అత్తగారు గోడకేసి చూస్తూ. అన్నది గానీ, మర్నాటి నుంచి పిచ్చుకల్ని తోలడానికి పొద్దస్తమానం కర్ర పట్టుకుని పందిరి కిందే కాపలా కూర్చుంది.

పళ్ళు పండాయి. యజమానురాలు ఒక డ్రమ్మూ, చేత్తో తిప్పే, పళ్ళు నలగ్గొట్టే మిషనూ అరువిచ్చింది. కోత రోజు సాయంత్రం దాకా పొగమ్మకి షెడ్డులో పని. పొద్దున అక్కడ మిగిలిన ఐసు ఒక థర్మాకోల్ పెట్టెలో పోయించి, మొగుడి స్కూటరు మీద ఇంటికి పంపింది. పంపేటప్పుడు చెప్పాల్సినవన్నీ చెప్పింది. మూత బిగించి టేపు వెయ్యకండి, పేలుతుంది. అలాగని తెరిచి పెట్టకండి, ఎగిరిపోతుంది. ఊరికే మూత ఆనించి, పెరట్లో నీడలో, గాలి తగిలేచోట పెట్టండి. నేనొచ్చేదాకా పళ్ళు నలగ్గొట్టకండి.

అన్నిటికీ తలూపాడు. ఇంటికెళ్ళి ఆ మాటలన్నీ తల్లికి అప్పజెప్పి, ఒక ముఖ్యమైన కోటు కుట్టాలని మిషను ముందు కూర్చున్నాడు. ఇంకేముంది!

సాయంత్రం పొగమ్మ వచ్చేసరికి పళ్ళన్నీ నలిగి డ్రమ్ములో ఉన్నాయి. ఎండలో కోసిన పళ్ళు. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలాయి. అంచున అప్పుడే సన్నటి నురగ కడుతోంది.

"ఎవరు నలగ్గొట్టారు?"

"నేనే" అంది అత్తగారు, ఎర్రబడ్డ చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "అలిసిపోయి వస్తావు, నీకు పని తగ్గుతుందని."

"సరే, పోనివ్వండి, ఐసు ఉందిగా" అంటూ పెట్టె మూత తీసింది. పెట్టెలో ఏమీ లేదు. గింజ లేదు, తడి లేదు, పొగ లేదు. కడిగి ఆరబెట్టినట్టుంది.

అత్తగారు తొంగి చూసి గుండె బాదుకుంది. "అయ్యో అయ్యో, దొంగలు పడ్డారే! ఐసైతే నీళ్ళన్నా మిగలాలి కదా! ఎవరో ఎత్తుకుపోయారే!"

పొగమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డ్రమ్ము పక్కనే కూలబడింది. తీగ పోయినట్టే అనుకుంది. అప్పుడే ఎదురింటి పిన్నిగారు కేకలు విని పరుగెత్తుకొచ్చింది.

"దొంగలెవరమ్మా? మీ అత్తగారే పంచింది!" అంది గడపలోంచే.

"నోర్ముయ్యవే" అంది అత్తగారు.

పిన్నిగారికి నోరు ముయ్యడం పుట్టుకతో రాలేదు. "మధ్యాహ్నం నుంచీ వీధి వీధంతా పిలిచి మూత తీసి చూపించింది కదా! 'మా కోడలు చూడండి, పొయ్యి లేకుండా పొగ తెప్పిస్తుంది, అంతమంది ఉన్నా ఈ పని దానికి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు, అంత ధైర్యం నా కొడుక్కి కూడా లేదు' అని ఒకటే పొగడ్త. మాకు తలో గిన్నెలో వేసిచ్చింది కూడా, నీళ్ళు పోసి చూడమని. మేమంతా చప్పట్లు కొట్టాం."

అత్తగారు ఆకుల్లో ఏదో వెతుకుతున్నట్టు పైకి చూస్తూ నిలబడింది. పొగమ్మకి కోపం రావాలి, న్యాయంగా చూస్తే వచ్చి తీరాలి. కానీ ఇన్నేళ్ళుగా తన చెవిన పడని మాటలు వీధి మొత్తానికి తెలుసని తలచుకుంటే ఆ కోపం ఎటుపోయిందో తెలియలేదు. కళ్ళు తుడుచుకుని, కొంగు దోపుకుని లేచింది.

"పిన్నిగారూ, మీ ఇంట్లో ఫ్రిజ్ ఉంది కదా? గడ్డకట్టిన నీళ్ళ సీసా ఉందా?"

"రెండున్నాయి."

"పట్రండి. చప్పట్లు కొట్టినవాళ్ళందర్నీ తలోటి పట్టుకు రమ్మనండి!"

ఇక చూడండి సంబరం! మూత బిగించి ఉన్న సీసాలు, పాల సీసాలు, పచ్చడి డబ్బాలు, గడ్డకట్టినవి ఏవుంటే అవి పట్టుకుని జనం గేటు తోసుకుని వచ్చేశారు. ఒకాయన మోకాలి నొప్పికి పెట్టుకునే ఐసు సంచీ తెచ్చాడు. చేపల కొట్టాయన ఏకంగా తట్ట నిండా ఐసు ఎత్తుకొచ్చి "పోసెయ్యమంటారా?" అన్నాడు.

"అయ్యా బాబూ, ఆగండి! పోస్తే అది వైన్ అవదు, చేపల పులుసవుతుంది. దాన్ని డ్రమ్ము చుట్టూ పేర్చండి" అంది పొగమ్మ. సీసాలన్నీ సబ్బుతో తోమి, కడిగి, ఒక్కొక్కటే పళ్ళలోకి దించింది. కరిగినవి తీసెయ్యడం, కొత్తవి దించడం. దర్జీగారు కోటు వదిలేసి ఇంటింటికీ తిరిగి ఖాళీ సీసాలిచ్చి గడ్డకట్టినవి తెచ్చాడు. కొంతసేపటికి నురగ అణిగింది. చెయ్యి పెడితే వేళ్ళు జివ్వుమన్నాయి.

పొగమ్మ డ్రమ్ములోకి వంగి అడుగు దాకా కలుపుతోంది. అందులో పొగ లేదు, భయమూ లేదు. అయినా వెనకనుంచి కేక వినిపించింది.

"ఉన్నావా?"

అత్తగారి గొంతు! ఆ కేక ఆవిడ అంతకు ముందెన్నడూ వేసి ఎరగదు.

"ఉన్నా అత్తయ్యా!"

"ఉంటే సరే. మరీ అంత వంగకు" అంది అత్తగారు, ఇంకో సీసా అందిస్తూ.

తీగ ఆకు రాల్చి, మళ్ళీ చిగురు తొడిగాక, ఒక మధ్యాహ్నం ఆ పందిరి కిందే బల్ల వేశారు. సీసాలిచ్చినవాళ్ళంతా వచ్చారు. రాకుండా ఉంటారా? దర్జీగారు టేపు మెడలో వేసుకునే కూర్చున్నాడు. యజమానురాలు గ్లాసు ఎత్తి, వెలుతురుకి పెట్టి చూసి, వాసన చూసి, ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. ఆవిడ మిగిలింది కూడా తాగేసి, ఖాళీ గ్లాసు ముందుకు చాపింది.

"ఇంకొంచెం ఉందా?"

వీధంతా ఘొల్లున నవ్వింది. చేపల కొట్టాయన ఈల వేశాడు. దర్జీగారు మెడలోంచి టేపు తీసి, చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "పందిరి కిందే మిషను వేసుకుంటానే, నీడ కూడా బాగుంది" అన్నాడు పెళ్ళాంతో.

పొగమ్మ మాత్రం అత్తగారికేసే చూస్తోంది. ఆవిడ ఒక మూల స్టూలు మీద కూర్చుని, గ్లాసు పెదవులకి ఆనించి, ఎంతకీ దించట్లేదు, ఉలకట్లేదు, పలకట్లేదు. ఇంత గోలలో వంకైనా పెట్టకుండా కూర్చోవడం ఆవిడ పద్ధతే కాదు. పొగమ్మకి కంగారు పుట్టింది.

"ఉన్నారా అత్తయ్యా?" అని కేకేసింది.

అత్తగారు గ్లాసు దించింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఉన్నానే. బాగుంది. అందుకే మింగబుద్ధి కాలేదు."