వంకాయ రంగు పడవ

పాస్టరుగారు ఆ ఆదివారం దొంగతనం మీద ప్రసంగం చేయకుండా ఉండాల్సింది. చర్చిలో సగంమంది కునికిపాట్లు పడుతున్నారు, మిగతా సగం ఇంటికెళ్లి వండాల్సిన కోడికూర గురించి ఆలోచిస్తున్నారు. మా ఆయన ఐజాక్ ఒక్కడే ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాడు. బయటికి రాగానే మొహం వేలాడేసుకుని, "ప్రసన్నా, నాను దొంగనే" అన్నాడు.

ఎవరింట్లో ఏం ఎత్తుకొచ్చాడో అనుకున్నాను. తీరా చూస్తే, షాపులో మా కంప్యూటర్లో ఉన్న సాఫ్ట్‌వేరంతా కాపీ కొట్టిన సీడీల్లోంచి వేసిందట.

"ఊళ్లో అందరిదీ అంతేగా! పాస్టరుగారి చర్చి పత్రిక కూడా మీరు అందులోనే కదండీ చేస్తున్నారు?"

"అందుకే మరీ బాధగున్నాది."

ఇలాంటి మనిషితో కాపురం నాది. 2006 సంగతి ఇది. అంతకు ముందు మా ఆయన కుంచె పట్టిన మనిషి. సీతమ్మధారలో డాక్టర్ల బోర్డులు, జాలరిపేటలో పడవల మీద పేర్లు, అన్నీ ఆయన రాసినవే. ఇంతలో ఫ్లెక్స్ బానర్లు వచ్చిపడ్డాయి. పూటకి పది బోర్డులు కక్కే మిషను ఉండగా, ఒక్క బోర్డుకి రెండు రోజులు తీసుకునేవాణ్ణి ఎవరు పిలుస్తారు? కుంచెలు అటకెక్కించి కంప్యూటరు కొన్నాడు. ఆయన డిజైన్ చేసి సీడీలో వేసి ఇస్తే, ప్రెస్సువాళ్లు ఫ్లెక్స్ మీద అచ్చు వేసేవాళ్లు. నాలుగు మెతుకులు లోపలికి పోతున్నాయి అనుకుంటుంటే ఈ ప్రసంగం వచ్చి పడింది.

సోమవారం పొద్దున్నే పాత సాఫ్ట్‌వేరంతా చెరిపేసి, ఏదో పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీ పెట్టి లినక్స్ ఎక్కించాడు. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చట, పక్కింటివాళ్లకి కాపీ ఇచ్చినా పాపం లేదట. తెర మీద ఒక పెంగ్విన్ వచ్చి కూర్చుంది, లినక్స్ గుర్తు అదేనట. ప్రింటర్ని గుర్తుపట్టడానికి ఆ పెంగ్విన్‌కి మూడు రోజులు పట్టింది. ఈలోగా గడ్డం పెరిగిపోయి మా ఆయన్ని గుర్తుపట్టడం నాకూ కష్టమైంది. వచ్చిన గిరాకీ వచ్చినట్టే పక్క షాపుకి నడిచింది.

ఉక్కునగరంలో ఉండే మా అన్నయ్య జ్ఞానదాసుకి విషయం తెలిసింది. ఎవరో కాంట్రాక్టరు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం ఉందని ఫారం పంపాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంకెలు కొట్టడమే పని. నేను క్లినిక్‌లో నర్సుని, ఫారాలు నింపడం నాకు కొత్త కాదు. ఫారం అంతా నేనే నింపేశాను, ఆయన సంతకం ఒక్కటే తరువాయి.

"ఎల్లాజీ బానరు సేతిలో ఉన్నాది కదే. అది బాగొస్తే షాపు ఉంచుదాం, లేపోతే మారుమాట్లాడకుండా సంతకం ఎడతాను" అన్నాడు మా ఆయన. సరేనన్నాను.

ఎల్లాజీ జాలరిపేటలో సముద్రం మీద వేటకెళ్లే మనిషి, మా ఆయనకి పాత స్నేహితుడు. కొత్త పడవ నీళ్లలోకి దింపుతున్నాడు, ఆ పండగకి పడవ బొమ్మతో బానరు కావాలన్నాడు. అక్కడ ఒక్కో ఇంటి పడవకి ఒక్కో రంగు ఉంటుంది. పడవ ఇంకా దూరాన ఉండగానే, రంగు చూసి ఎవరి మగాడు తిరిగొస్తున్నాడో ఒడ్డున ఆడవాళ్లు చెప్పేస్తారు. ఎల్లాజీది ముదురు నీలం. వల దగ్గర గొడవపడి మూడేళ్లుగా అతనితో మాట్లాడని కోటిది వంకాయ రంగు.

బానరు తెర మీద చూస్తే నా కళ్లు జిగేల్‌మన్నాయి. ఇంతెత్తున నీలం పడవ! నేనే మెచ్చుకున్నాను, ఆ పెంగ్విన్‌ని కూడా.

పడవ దింపేరోజు పొద్దున్న, ప్రెస్సువాళ్లు చుట్టి ఇచ్చిన బానరు విప్పి చూడకుండా అలాగే తీసుకుని జాలరిపేట వెళ్లాం. ఫారం కోసం అన్నయ్య కూడా స్కూటరేసుకుని వచ్చాడు. చుట్టాలందరూ చూస్తుండగా వెదురుకర్రలకి కట్టి బానరు విప్పారు.

వంకాయ రంగు. నిగనిగలాడే లేత వంకాయ!

ఎల్లాజీ తల్లి ముసలమ్మ ముందుగా నోరు తెరిచింది. "ఓరెల్లాజీ! ఆ కోటిగాడి పడవకి మనం పండగ సేత్తన్నామేటిరా?"

అంతలో కోటి ఇసకలో పరుగెత్తుకుంటూ రానే వచ్చాడు. కళ్లనిండా నీళ్లు. "బావా ఎల్లాజీ! నా పడవకి బానరు కట్టించినావా? పాత గొడవలు మర్సిపోనావన్నమాట!" అంటూ అమాంతం కౌగిలించుకున్నాడు. ఎల్లాజీ ఆ కౌగిట్లోంచే మా ఆయన్ని చూస్తూ పళ్లు కొరికాడు.

"ఇదేటి ఐజాక్ బావా? అయినోల్లందరి ముందూ నా పరువు తీసేసినావు!"

"తెర మీద రంగు ఎలుతురుతో అవుద్ది బావా. అచ్చుకి నాలుగు సిరాల లెక్క కావాల. నా సాఫ్ట్‌వేరు ఆ లెక్క కట్టదు, అందుకే నీలం వంకాయ రంగైపోనాది. నాను ముందే సూసుకోవాల్సింది" అన్నాడు మా ఆయన, తలెత్తకుండా.

"ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. ఫారం ఇలా తే ప్రసన్నా" అన్నాడు అన్నయ్య.

నేను హ్యాండ్‌బ్యాగ్ తెరిచాను. మా ఆయన అది చూశాడు. ఎల్లాజీ వైపు తిరిగి, "పడవకేసిన రంగు మిగిలిందేటి?" అని అడిగాడు.

అర డబ్బా ఉంది. పడవకి రంగేసిన వెడల్పాటి కుంచె కూడా ఉంది. మా ఆయన పాంటు మోకాళ్ల దాకా మడిచి, చేపల ట్రే బోర్లించి ఎక్కాడు. వంకాయ పడవ మీద నీలం వేయడం మొదలుపెట్టాడు. అంచు దగ్గర చెయ్యి వెంట్రుకవాసి పక్కకి పోలేదు.

"అయ్యయ్యో, నా పడవని ముంచేత్తన్నాడు!" అని కోటి గగ్గోలు.

ఆయన చేతిలో కుంచె చూసి ఆరేళ్లయింది. ఒకప్పుడు మా క్లినిక్ బోర్డు రాస్తుంటే చూసి, చేసుకుంటే ఈయన్నే చేసుకుంటానని ఇంట్లో మొండికేసింది నేనే. ఆ సంగతి మర్చిపోయి ఫారాలు నింపుతున్నాను. నాకు చాలా సిగ్గేసింది.

రంగు పూర్తయ్యేసరికి ముసలమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఇదిగో, ఇప్పుడొచ్చినాడు నా కొడుకు" అంది. ఎల్లాజీ మొహం విప్పారింది.

కోటి కళ్లు తుడుచుకుని ముందుకొచ్చాడు. "ఐజాక్ బావా, నాకూ అలాటిదే ఒకటి అచ్చేయించు. నాకు మాత్రం పైన రంగులెయ్యక్కర్లేదు. నీ కంపూటరు ఎలా ఇత్తే అలాగే ఉంచీ."

మా ఆయన ట్రే మీంచి దిగకుండానే, అటే చూస్తూ, చెయ్యి వెనక్కి చాపాడు. "ప్రసన్నా, కుంచె తుడవాల. పనికిరాని కాయితం ఏదైనా ఉన్నాదా?"

ఫారం తీసి చేతిలో పెట్టాను.

"ఒసే, అది ఉద్యోగం ఫారమే!" అని అరిచాడు అన్నయ్య.

"తెలుసన్నయ్యా."

మా ఆయన కుంచె రెండు వైపులా శుభ్రంగా తుడుచుకున్నాడు. "ఇంకోటి ఉన్నాదా?" అన్నాడు.

"లేదండీ, అదొక్కటే" అన్నాను.