పిండి ఒప్పుకుంటేనే చక్రం

మా ఉస్తాద్ పోయారన్న కబురు పోయిన వారం తెల్లారగానే ఫోనులో వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. నా నోట ముందుగా వచ్చిన మాట "అయ్యో" కాదు, "నా బండి ఆయన జాకీ మీదే ఉంది కదా!" అని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ మనిషి కంటే ముందు బండిని పలకరించడం నాకు అలవాటు చేసింది ఆయనే. వింటే నవ్వి ఉండేవారు.

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద ఆయనది చిన్న రేకుల షెడ్డు. కార్లకు కంపెనీ ఇచ్చిన చక్రాలు తీసి, బయట కొన్న సోకైన అల్లాయ్ చక్రాలు బిగించేవారు. బండ్లు తెచ్చిన మేమంతా వాటి మెరుపు చూసి మురిసేవాళ్లం. ఆయన మాత్రం చక్రం వెనక దాగి ఉండే కాలిపర్‌ను చూసేవారు. బ్రేకు తొక్కగానే డిస్కును పట్టుకుని బండిని ఆపేది అదే. చక్రం దానికి తగలకుండా తిరగాలి. తగిలిందా, చక్రమైనా పాడవుతుంది, బ్రేకైనా పాడవుతుంది.

అది తేల్చడానికి ఆయన వాడిన పరికరం గోధుమపిండి. రోజూ టిఫిన్ డబ్బాలో పై గిన్నెలో కూర, నడిమి గిన్నెలో రొట్టెలు, కింది గిన్నెలో పరీక్షకు పిండి ముద్ద ఉండేవి. కాస్త తుంచి, కాలిపర్ మీద బొటనవేలితో అదిమి, చక్రం బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి విప్పేవారు. నలిగిన పిండి రొట్టె మందాన మిగిలితే పాస్. పల్చబడితే ఫెయిల్. పెద్ద పెద్ద కార్లలో వచ్చినవాళ్లు తమ బండికి చపాతి పిండి పూస్తుంటే గుడ్లప్పగించి చూసేవాళ్లు.

"నేనన్న మొహమాటపడ్త. పిండికి మొహమాటం లేదు" అనేవారు ఉస్తాద్.

"మా ఇంట్ల పిండి సగం బండ్లే తింటయి" అనేది ఆయన భార్య. ఆమెను మేమంతా అక్క అంటాం.

రెండేళ్ల కింద, పసుపు పంట చేతికొచ్చిన సంబరంలో నేను మా ఊరు మాక్లూర్ నుంచి నా పాత కారుకు కొత్త చక్రాలు పట్టుకుని వెళ్లాను. ఆయన ముద్ద అతికించి, తిప్పి, విప్పారు. పిండి కాగితమంత పల్చగా అయింది.

"గివి నీ బండికి కావు. వాపస్ ఇచ్చెయ్."

"జర ఎట్లన్న చెయ్యి ఉస్తాద్. ఎల్లుండి మా తమ్ముని పెండ్లి. గీ బండిలనే ఊరేగాలె."

"అందరు పెండ్లికొడుకును సూస్తరు గని నీ చక్రాలు ఎవరు సూస్తరు? నేను బిగియ్య."

నాకు రోషం వచ్చింది. ఇంటికి వెళ్లి నేనే పరీక్ష పెట్టాను. ఆ పూట ఇంట్లో ఉన్నది అమ్మ రొట్టెలకు తీసిన జొన్నపిండి. అదే తడిపి, అంటించి, చక్రం బిగించి, తిప్పి విప్పాను. కాలిపర్ మీద నలిగిన పిండి ఇసుమంతైనా లేదు. ఏదీ తగల్లేదనుకుని ఎగిరి గంతేశాను. జొన్నపిండికి జిగట ఉండదని, ముద్ద ముద్దంతా పొడిపొడిగా నేల రాలిందని తట్టలేదు. పుట్టినప్పటి నుంచి జొన్నరొట్టె తింటున్నవాణ్ణి నేను.

ఊరేగింపు మలుపు తిరిగినప్పుడల్లా ముందు చక్రం కర్రుమంది. బ్యాండువాళ్లు ఎవరి వాయిద్యం చెడిందోనని ఒకరినొకరు చూసుకున్నారు. మూడో మలుపులో భయమేసి బండి ఆపేశాను. పెళ్లికొడుకు మిగతా దారంతా ట్రాక్టరు ఎక్కి ఊరేగాడు. తమ్ముడు ఆ మాట ఇప్పటికీ ఎత్తుతాడు.

మర్నాడు వెళ్తే ఉస్తాద్ తిట్టలేదు. చక్రం లోపలి గీత మీద వేలు రాసి, "ఏం పిండి పెట్టినవ్?" అన్నారు. చెప్పాను. నవ్వీ నవ్వీ కూర్చున్న టైరు మీది నుంచి జారిపడ్డారు. అప్పటి నుంచి నేను కనిపిస్తే చాలు, "జొన్నరొట్టె వచ్చిండు" అనేవారు.

ఆయన నోట ఒక్కసారి "పాస్" అనిపించుకోవాలని నాకు పట్టుదల. పోయిన వారం ఆయన చెప్పిన సైజే వెతికి తెచ్చాను. ఆ సాయంత్రం ముద్ద అదిమి, చక్రం బిగించి తిప్పారు. విప్పబోయి ఆగారు. "సీకటైంది. పొద్దుగాల ఎల్తుర్ల సూద్దం" అన్నారు. ఆ పొద్దున వచ్చింది ఫోను.

అన్నీ అయ్యాక నిన్న అక్క పిలిపించి, షెడ్డు తాళం తీసింది. చక్రం నేనే విప్పాను. పిండి ఎండి రాయిలా ఉంది. అది పాసో ఫెయిలో చెప్పే మనిషి లేడు. అప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను.

అక్క నన్ను పక్కకు జరిపి, వంగి, పిండి పక్కన గోరు ఆనించి చూసింది.

"పాస్. తీస్కపో తమ్మి."

"ఎండింది కదక్కా, ఎట్ల చెప్తవ్?"

"ఎండితే పిండి కుంచించుకపోతది. ఎండినంక గింత మందముందంటే పచ్చిగున్నప్పుడు ఇంకింత ఉండె. గీ పిండి తడిపింది నేను. నాకు తెల్వదా?"

ముద్దను ఆమె విరగకుండా ఊడదీసింది. దాని మీద ఆయన బొటనవేలి గుంట, అందులో గ్రీజు గీతలు. నేను చక్రాలు నాలుగూ బిగించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండి బయటికి తీశాను. ఏ చప్పుడూ రాలేదు.

అద్దంలో చూస్తే, అక్క ఆయన టైరు మీద కూర్చుని ఆ ముద్దను టిఫిన్ డబ్బా కింది గిన్నెలో పెట్టి, మూత బిగిస్తోంది.