గిర్ని పెద్దమ్మ మూడో పిలుపు

మా పక్కింట్లో పిండిమర నడిపే గిర్ని పెద్దమ్మ పోయి నెల దాటింది. ఒక శనివారం మధ్యాహ్నం నాన్న అన్నానికి ఇంటికొస్తూ గిర్ని ఉత్తగా తిరుగుతున్న చప్పుడు విని లోపలికి తొంగిచూశాడు. గింజ లేకుండా రాళ్ళు రెండూ రాసుకుంటే కీచుమంటుంది, పళ్ళు జివ్వుమంటాయి. పెద్దమ్మ ఉండగా ఆ గిర్ని ఒక్కనాడూ ఉత్తగా తిరగలేదు. ఆమె జొన్నల సంచికి ఆనుకుని కూర్చుని ఉంది. నాన్న అరిచిన అరుపుకు గద్వాలలో మా వీధంతా అక్కడికి ఉరికింది. అప్పటికే ఆమె పోయింది.

ఆ సమయంలో నేను గోడకు ఇవతల మా ఇంట్లోనే ఉన్నాను, తలుపుకు గడియ పెట్టుకుని. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కానీ ముందు ఆమె గురించి చెప్పకపోతే ఆ గడియ సంగతి మీకు అర్థం కాదు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మా ఇంటికీ ఆమె పిండిగిర్నికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. తలకు తువ్వాలు, కనుబొమ్మల మీద తెల్లగా పిండి. ఎవరి పిండి అయినా చిటికెడు తీసి, కళ్ళు మూసుకుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేది. నచ్చకపోతే ఇంకో తిప్పు తిప్పాల్సిందే, గిరాకీ ఎంత తొందరపడినా వినేది కాదు. గిర్ని రొదలో ఏళ్ళ తరబడి మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు బాగా పెద్దదైపోయింది. ఆమె చెవిలో చెప్పిన రహస్యం కూడా మూడిళ్ళ అవతలికి వినపడేది. అందుకని ఎవరూ ఆమెకు రహస్యాలు చెప్పేవాళ్ళు కాదు, ఆమెకున్న బాధల్లో అదొకటి.

నేను పుట్టు పిరికిదాన్ని. చిన్నప్పుడు ఒంటిపూట బళ్ళ రోజుల్లో మధ్యాహ్నానికే ఇంటికొచ్చేదాన్ని. అమ్మ ధరూర్ అంగన్‌వాడీలో, నాన్న ఎరువుల దుకాణంలో. అమ్మ ఎక్కే షేర్ ఆటో వచ్చేసరికి నాలుగు దాటేది. ఎండకు వీధిలో పిట్ట కూడా ఉండదు. రాత్రి భయపడితే నలుగురు పక్కన ఉంటారు, మధ్యాహ్నపు భయానికి ఎవరూ ఉండరు. ఒకరోజు బయట ఎవరో పిలిచినట్టయి మంచం కింద దూరాను. పెద్దమ్మ గోడ దాటి వచ్చి, నన్ను బయటికి లాగి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పింది.

"మిట్టమధ్యానం ఎవరన్న పిలిస్తె ఒకటి రెండు పిలుపులకు పలుకకు బిడ్డా. దయ్యాలు రెండుసార్లే పిలుస్తయి, మూడోది వాటికి రాదు. నేనైతే మూడుసార్లు పిలుస్త. మూడోదానికి పలుకు."

ఆ రోజు నుంచి గంటకోసారి గోడ అవతలి నుంచి పిలిచేది. శ్రావణీ. శ్రావణీ. నేను ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. శ్రావణీ! అని మూడోది రాగానే "ఆ" అని గట్టిగా పలికేదాన్ని. అంతే, ఆమె మళ్ళీ పనిలో పడేది. నాలుగింటికి మాత్రం చాయ్ తెచ్చి స్టీలు గ్లాసు గోడ మీద పెట్టేది. గ్లాసు మీద ఆమె వేళ్ళ తెల్లటి గుర్తులు ఉండేవి. భయమైతే చేతులకు పని చెప్పమని, రాళ్ళు ఏరమని ఇన్ని కందులు కూడా పోసేది. నేను ఏరిన రాళ్ళు చూసి, కందులకన్నా ఎక్కువున్నాయే అని నవ్వేది.

ఇప్పుడు నేను వనపర్తిలో జర్నలిజం చదువుతున్నాను. క్లాసులో తలా ఒక చిన్న సినిమా తీయమన్నారు. పిరికివాళ్ళకే దయ్యాల సినిమా మీద ఎక్కడలేని సరదా. నాకు తెలిసిన భయం ఒక్కటే, మధ్యాహ్నం ఒంటరిగా ఇంట్లో ఉన్న పిల్లను బయటి నుంచి పిలిచే గొంతు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే నా స్నేహితురాలు రేష్మ ఆ పిల్లగా చేసింది. గొంతు ఎవరిదో వేరే చెప్పాలా?

పెద్దమ్మ మురిసిపోయింది. ముఖం మాత్రం చూపించొద్దంది, మనవలు జడుసుకుంటారట. గిర్ని ఆపి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని నా ఫోన్ ముందు నిలబడింది. సినిమాలో పిల్ల పేరు నిత్య అని పెట్టుకున్నాం. ఆ పేరుతో పిలవమంటే రేషన్ షాపులో పేర్లు చదివినట్టు పిలిచింది. పదిసార్లు పిలిచి, నాకు నీ పేరే వస్తది అని చేతులెత్తేసింది. చేసేది లేక సినిమాలో పిల్లకు నా పేరే పెట్టాం. ఈసారి పిలిస్తే, ఎదురుగా నిలబడ్డ నాకే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

క్లాసులో చూపించాక అందరూ చీటీల మీద అభిప్రాయాలు రాసిచ్చారు. సంగీతం ఎక్కువైందని ఒకరు, కుక్కర్ విజిల్‌కు భయపడేదెవరని ఇంకొకరు. ఒక మహానుభావుడు దయ్యం కన్నా నా ఎడిటింగ్ భయంకరంగా ఉందని రాశాడు. ఆ పిలుపు మాత్రం అందరికీ నచ్చింది. రెండుసార్లే ఉంది, మూడోసారి కూడా పిలిస్తే ప్రాణాలు పోతాయి అని నాలుగు చీటీల్లో ఉంది. రేష్మ కూడా అదే మాట. సోమవారానికి మార్చి తెమ్మన్నారు సార్.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి పెద్దమ్మను ఇంకొక్కసారి పిలవమని అడిగాను. ఎంత బతిమాలినా ససేమిరా అంది.

"మూడోది పిలిస్తె అది నేనైత బిడ్డా. దయ్యం ఎట్లయితది?"

నేనేం చేశాను? మొదటి పిలుపునే కాపీ చేసి, గొంతు కాస్త బరువు చేసి, మూడోదిగా అతికించాను. ఆమెకు చెప్పలేదు.

ఇక ఆ శనివారం. అమ్మానాన్నలు పనికి పోయాక హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చున్నాను. ఆ పిలుపులనే ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నా పేరు నాకే పరాయిదిలా వినిపించసాగింది. ఎండ నెత్తికెక్కిన వేళ చెవుల్లో శ్రావణీ అని వినిపించింది. కాసేపటికి మళ్ళీ, ఈసారి చిన్నగా. సినిమాలో కూడా రెండో పిలుపును నేనే చిన్నది చేశాను. అయినా ఎందుకో నమ్మకం కుదరలేదు. హెడ్‌ఫోన్స్ తీసేశాను. బయట గిర్ని రొద తప్ప ఏమీ లేదు.

మూడోదాని కోసం ఎదురుచూశాను. ఇరవై ఒక్కేళ్ళదాన్ని, చిన్నప్పటిలాగే ఊపిరి బిగబట్టి. అది రాలేదు. లేచి వెళ్ళి తలుపుకు గడియ పెట్టాను. మంచం మీద మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. గిర్ని చప్పుడు మారడం విన్నాను. పళ్ళు జివ్వుమన్నాయి. అప్పుడు కూడా లేవలేదు. కాసేపటికి నాన్న అరుపు వినిపించింది.

గుండె ఆగిపోయిందన్నారు దవాఖానలో. ఉన్నపళంగా పోయింది, పక్కన ఉన్నా ఎవరూ ఏమీ చేయలేకపోయేవారని చెప్పారట. వచ్చినవాళ్ళందరూ అదే మాట, సునాయాసంగా పోయిందని. నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. ఉన్నపళంగా పోయిన మనిషి రెండుసార్లు ఎలా పిలుస్తుంది? కాబట్టి నేను విన్నది సినిమాలోదే. మిగతా వేళల్లో అలా సర్దిచెప్పుకునేదాన్ని. మధ్యాహ్నమైతే ఆ ధైర్యం చాలేది కాదు, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేదాన్ని.

దినాలు అయ్యాక లాప్‌టాప్ తెరిచాను. ఆ రోజు ఎవరో దాని మూత వేశారు, మళ్ళీ ఎవరూ ముట్టలేదు. ఎడిటింగ్‌లో మనం ఎక్కడ ఆపితే తెర మీది ఎర్ర గీత అక్కడే నిలబడి ఉంటుంది. అది పిలుపుల దగ్గర లేదు. సినిమా చివర, పేర్లు వేసే చోట ఉంది. అక్కడిదాకా వచ్చేశానన్న సంగతే ఆ భయంలో మరిచిపోయాను. పిలుపులు అయిపోయి మూడు నిమిషాలు దాటిన చోటు, అక్కడ ఏ శబ్దమూ లేదు. నల్లటి తెర మీద నేను టైప్ చేస్తూ చేస్తూ ఆపేసిన ముక్క ఉంది. గొంతు: మా పక్కింటి పె.

మాట మధ్యలో నన్ను ఆపింది సినిమా కాదు, గోడ అవతలి గొంతు.

ఆ సాయంత్రం నాన్నకు చెప్పాను, గడియతో సహా. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"గట్ల మనసుల పెట్టుకోకు. గిర్ని రొదల నీకు ఆమె పిలుపు యాడ ఇనపడ్తది?"

ఆయన నాకోసం చెప్పిన అబద్ధం అది. గిర్ని రొదను దాటి ఆమె గొంతు ఎంత దూరం పోతుందో మా వీధిలో ఎవరికి తెలియదు? మూడోది కూడా పిలవాలనే అనుకుని ఉంటుంది. ఆమె చెప్పిన నియమాన్ని నేను తు.చ. తప్పకుండా పాటించాను. ఆమె నాకు నేర్పింది భయపడటం కాదు, తనను గుర్తుపట్టడం. ఆ తేడా నాకు ఇప్పుడు తెలిసింది. పెద్దమ్మా, నన్ను క్షమించు.

అతికించిన మూడో పిలుపును ఆ రాత్రే తీసేశాను. తర్వాత ఫోన్‌లో రికార్డు చేసిన అసలు ముక్కను మొదటిసారి చివరిదాకా విన్నాను. మామూలుగా పనికొచ్చేంత కత్తిరించుకుని మిగతాది వదిలేస్తాం. రెండో పిలుపు తర్వాత నేను అయిపోయిందన్నాను, కానీ రికార్డింగ్ ఆపడం మరిచి ఫోన్‌ను అక్కడే పెట్టి ఇంట్లోకి పోయాను. తువ్వాలు దులిపిన చప్పుడు. గిన్నెల చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఆమె గొంతు, నిండుగా.

"శ్రావణీ! చాయ్ పోసిన. సల్లారుతది, రా."

గ్లాసు గోడ మీద పెట్టిన చప్పుడు. వెనకనుంచి నా గొంతు, వస్తున్న పెద్దమ్మా అని.

సార్ ఇచ్చిన కొత్త గడువుకు వనపర్తిలో మళ్ళీ చూపించాను. పేర్లన్నీ అయిపోయాక నల్లటి తెర మీద ఆ పిలుపు పెట్టాను. ఈసారి కూడా చీటీలు వచ్చాయి. చివరి పిలుపుతో భయమంతా పోయింది, తీసేస్తే మంచిదని రాశారు. తీయలేదు. తీసింది ఒక్కటే, నేను పలికిన మాట. ఆ మధ్యాహ్నం పలకని నోటికి ఇక్కడ పలికే హక్కు లేదనిపించింది. గ్లాసు గోడ మీద పెట్టిన చప్పుడు దగ్గర సినిమా అయిపోతుంది. ఆ చాయ్ ఇంకా అక్కడే ఉంది, గ్లాసు మీద తెల్లటి వేలి గుర్తులతో, నేను వస్తానని.