అత్త జాన

ఊక కలిపిన తడిమట్టి నిప్పు సెగకు ఆరేటప్పుడు ఒక వాసన వస్తుంది. ఈ ఉదయం టేకులపల్లి అవతలి గూడెంలో, కొత్తగా కట్టిన కొలిమిలో నిప్పు రాజేయగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. మా అత్త గుర్తొచ్చింది. ఆమెను తలుచుకుంటే నా తోడికోడలు సుజాత కూడా గుర్తుకు రావలసిందే, నా కడుపు మండవలసిందే. అత్త పోయి ఇన్నేళ్ళయినా ఆ మంట మాత్రం ఆరలేదు.

మాది కమ్మరి కుటుంబం. ట్రాక్టర్ తిరగని పోడు చెలకల్లో ఇప్పటికీ నాగలే దిక్కు. తొలకరికి ముందు మేం గూడేలకు వెళ్ళి, ఆరుబయట కొలిమి వేసి, నాగలి కర్రుల మొనలు కాల్చి సాగగొట్టి ఇస్తాం. సుత్తి మగవాళ్ళది, కొలిమి కట్టడం మా ఇంట్లో ఆడవాళ్ళది. నేలలో గుంట తీసి, చుట్టూ మట్టిగోడ కట్టి, తిత్తి గాలి వచ్చే మట్టిగొట్టాన్ని ఒక పక్క అమర్చాలి. గొట్టం మూతి నుంచి ఎదుటి గోడకు సరిగ్గా అత్త జాన, చాచిన చేతి బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా. ఇరుకైతే కర్రు గోడకు ఆనుతుంది, వెడల్పైతే నిప్పు చెదురుతుంది. ఇదంతా నాకు నేర్పింది అత్తే. నేను తొక్కిన మట్టిని పిడికిట పట్టి చూసి, "ఇంకా తొక్కు. మట్టి నీ మాట ఇనాలె" అనేది. మట్టి విన్నది గానీ అత్త ఏనాడూ మెచ్చుకోలేదు.

సుజాత కాపురానికి వచ్చిన ఏడు, అత్త ఆమె అరచేతిని తన అరచేతికి ఆనించి చూసుకుంది. వేలికి వేలు సరిపోయింది. "అరే, గిది నా చెయ్యే గదనే!" అని మురిసిపోయింది. ఆ రోజు నుంచి కొలత సుజాతది, మట్టి నాది. ఎండలో నేను మడమలు పగిలేలా తొక్కుతుంటే ఆమె చీరకు మరక అంటకుండా వచ్చి, జాన పెట్టి పోయేది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. ఒకసారి ఉండబట్టలేక, "అత్తా, కొలత నేను పెడ్తనే" అని అడిగాను.

"నీ చెయ్యి చిన్నది బిడ్డా" అంది. తిట్టినా బాగుండేది.

తర్వాత సుజాత భర్తకు కొత్తగూడెంలో ఉద్యోగం దొరికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ ఏడే అత్త వేళ్ళు వాచి వంకరపోయాయి, జాన సాగదు. మబ్బు కమ్ముకొస్తోంది. గూడెం రైతు ముత్తయ్య కర్రు పట్టుకుని నిలబడి, "జల్దీ చెయ్యుర్రి, వానొస్తే దున్నాలె" అంటున్నాడు. నా జానతోనే కట్టాను. కర్రు పెట్టగానే మొన గోడకు ఆనింది. అత్త ఇప్పుడు సుజాత పేరు ఎత్తుతుందని నాకు ముందే కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఎత్తలేదు. "గోడ పడగొట్టు" అంది. నా పక్కన చతికిలబడి, మళ్ళీ జాన పెట్టమంది. నా చిటికెన వేలి పక్కన తన వంకర వేళ్ళు రెండు ఆనించింది.

"నీ జాన, నా రెండు వేళ్ళు. గీడికి కట్టు."

కట్టాను. కర్రు ఎర్రగా కాలింది. అప్పటినుంచి అదే మా కొలత. ఆమె పోయాక ఆ వేళ్ళ చోట నా రెండో చేతి వేళ్ళు పెట్టుకుంటున్నాను.

ఈ ఏడు సుజాత చూసిపోతానని మా వెంట వచ్చింది. ఈ ఉదయం నిప్పు వేయకముందు, ఎవరూ అడగకుండానే వంగి గుంటలో జాన పెట్టింది. అచ్చంగా సరిపోయింది.

"చూస్తివా అక్కా, ఇప్పటికీ నా చెయ్యి కరెక్టే" అని నవ్వింది.

మళ్ళీ భగ్గుమంది నాకు. ఆ చెయ్యి నాకుంటే ఎంత బాగుండేదో! నీది వట్టి జానే, నా కొలతలో అత్త వేళ్ళున్నాయి, అని చెప్పాలనిపించింది. చెబితే అది కూడా తనకు కావాలంటుందేమో.

"మట్టి ఇంకా ఆరలే, చెయ్యి తియ్యి" అన్నాను.