మేడమ్ గారి టమాటా నారు

మా పై ఫ్లాటు మేడమ్ గారు పోయారు. కబురు తెలియగానే తార్నాకలోని మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు దండాల బొమ్మలతో నిండిపోయింది. కుండీల నీళ్ళు కిందికి కారుతున్నాయని నిన్నమొన్నటిదాకా ఆవిడతో దెబ్బలాడింది కూడా ఆ గ్రూపే.

ఆవిడది కడప వైపు. యూనివర్సిటీ క్యాంపస్‌లో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మాటలో మెత్తదనం మచ్చుకైనా లేదు. తన ఊరి నాటు టమాటా విత్తనాన్ని ఏటా దాచుకుని, ట్రేలో నారు పోసి, విడివిడి కుండీల్లోకి మార్చేటప్పుడు నన్ను పిలిచేవారు. మొదటిసారి నేను మొక్కను కాడ పట్టుకుని లాగాను. చేతి మీద ఒక్కటి వేశారు.

“గొంతు పట్టుకుంటావేంది మే! ఆకు పట్టుకో. ఆకు పోతే ఇంకోటి వస్తాది. కాడ నలిగితే యాడ తెస్తావు?”

ఎండ దిగాకే మార్చాలి, మొదటి రెండాకుల దాకా మట్టిలో దించాలి. పని అయ్యాక ఆ మట్టి చేతులతోనే చాయ్ అందించేవారు. “మొక్కలంటే ప్రాణమనేటోళ్ళ చేతుల్లోనే ఎక్కువ చస్తాయి” అనేవారు. అప్పట్లో నాకది ఉత్త కోపంలా తోచేది.

ఈసారి నారు ట్రేలో ఉండగానే ఆవిడ వెళ్ళిపోయారు. ఉన్న విత్తనమంతా అందులోనే పోశారు, ఇంట్లో ఇంకో గింజ లేదు. పాత శిష్యులు క్యాంపస్‌లో సంస్మరణ సభ పెట్టి, ఆవిడ చెల్లెల్ని అడిగి ఆ ట్రే పట్టుకుపోయారు. తలా ఒక మొక్క నాటుతారట. అదీ మిట్టమధ్యాహ్నం, అడుగున చిల్లైనా లేని రంగుల కుండీల్లో. ఇస్త్రీ జుబ్బాల పెద్దమనుషులు ఒక్కొక్కరే కాడను రెండు వేళ్ళతో నులిమి పట్టుకుని కెమెరా వైపు నవ్వారు. మీరూ చూసే ఉంటారు ఇలాంటి సభలు. వీళ్ళంతా ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే! ఏం చదివారో ఆ కెమెరాకే తెలియాలి.

వెనక వరసలో కూర్చున్న నేను ఉండబట్టలేక లేచాను. “కాడ వదలండి సార్, చచ్చిపోతది.”

“ఇది సింబాలిక్ అమ్మా. బతకాల్నని ఎవరన్నరు?” అన్నాడు నిర్వాహకుడు, తన మొక్కను ఇంకాస్త గట్టిగా నొక్కి.

ఆ సభలో అంత నిజం ఇంకెవరూ మాట్లాడలేదు.

వాళ్ళు బిర్యానీకి పోయాక, వాడిన మొక్కలన్నిటినీ ఆకు పట్టుకుని పైకి తీశాను. తడి కాగితంలో చుట్టి ఆటోలో ఇంటికి తెచ్చి, పొద్దువాలాక మామూలు కుండీల్లో పెట్టాను. వరసపెట్టి పోయాయి. పొద్దున్నే ఒక్కొక్కటీ పీకి పారేస్తూ ఏడ్చాను. ఆవిడ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. చివరికి నిర్వాహకుడు నాటిన మొక్క ఒక్కటే మిగిలింది.

నిన్న ఆయనే ఫోన్ చేశాడు. స్మారక సంచికలో వేయడానికి మేడమ్ గారి మొక్క ఫొటో కావాలట.

“ఒక్కటన్న బతికిందా అమ్మా?”

“లేదు సార్. అన్నీ చచ్చిపోయినయ్.”

ఫోన్ పెట్టేసి బాల్కనీలోకి వెళ్ళాను. వంకర తిరిగిన కాడ మీద ఆయన వేళ్ళు నొక్కిన చోట గోధుమరంగు మచ్చ ఉంది. దానికి జానెడు పైన తొలి పువ్వు పచ్చగా విచ్చుకుంటోంది.